ట్యాబ్ పగిలిందా? మా కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

గుంటూరులో మా షాపుకి ట్యాబ్ తెచ్చేవాళ్లు రిపేరుకి ఎంతవుతుందని ముందు అడగరు. "అన్నా, దీనికి డబ్బులు పెట్టడం దండగ కదా, కొత్తది కొనేయనా?" అంటారు. ఇంటి దగ్గరే నిర్ణయించేసుకుని, నా చేత ఊ కొట్టించుకోవడానికి వస్తారు. నేను ముందు ట్యాబ్ వెనక్కి తిప్పి మోడల్ నంబరు చూస్తాను. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అపోహ: స్క్రీన్ పగిలితే ట్యాబ్ పని అయిపోయినట్టే.

వాస్తవం: పగిలింది ఏ పొరో చూడాలి. పైన గ్లాసు, దాన్ని అంటిపెట్టుకుని టచ్, కింద బొమ్మ చూపించే డిస్‌ప్లే ఉంటాయి. గ్లాసు సాలెగూడులా పగిలినా బొమ్మ శుభ్రంగా కనిపిస్తుంటే డిస్‌ప్లే బతికే ఉంది. 2021లో వచ్చిన తొమ్మిదో తరం, 2022లో వచ్చిన పదో తరం మామూలు ఐప్యాడ్‌లలో గ్లాసు, డిస్‌ప్లే విడివిడిగా ఉంటాయి కాబట్టి గ్లాసు ఒక్కటీ మార్చేస్తే చాలు. ఐప్యాడ్ ప్రో లాంటివాటిలో రెండూ కలిపి అతికించేసి ఉంటాయి. గ్లాసు మీద వెంట్రుకంత పగులు వచ్చినా కాంబో మొత్తం మార్చాల్సిందే. మీ బావగారి ట్యాబ్‌కి ఎంతయిందో చెప్పి బేరమాడినా నేనేం చేయలేనిది ఇందుకే.

ఇంకో మాట. తొమ్మిదో తరం ఐప్యాడ్‌లో వేలిముద్ర పెట్టే హోమ్ బటన్ ట్యాబ్ లోపలి మెయిన్ బోర్డుతో జతకట్టి ఉంటుంది. పాత గ్లాసు నుంచి తీసేటప్పుడు దాని స్ట్రిప్, అంటే బటన్‌ని బోర్డుకి కలిపే సన్నటి పట్టీ, తెగిందంటే, కొత్త బటన్ వేసినా వేలిముద్ర తీసుకోదు. పని నేర్చుకునే రోజుల్లో ఒకటి తెంపాను. మజూరీ తీసుకోలేదు. అయినా ఆయన మళ్లీ మా మెట్లెక్కలేదు.

అపోహ: రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనాలి.

వాస్తవం: ఈ సగం లెక్క ఎవరు పెట్టారో గానీ, అందరి నోటా ఇదే. రిపేరు చేయించాక మీ చేతికొచ్చేది పాత ట్యాబే కదా! కాబట్టి ఇదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో ఎంతకొస్తుందో చూసి, రిపేరు ఖర్చును దాంతో పోల్చండి. తర్వాత అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయో లేదో చూడండి. 2017 నాటి ఐదో తరం ఐప్యాడ్‌కి ఐప్యాడ్ ఓఎస్ 17 అప్‌డేట్ రాలేదు. దానికి గ్లాసు వేయించి పిల్లలకు బొమ్మలు గీసుకోవడానికి ఇస్తానంటే సరే, బ్యాంకు పనులకు వాడతానంటే నేనే వద్దంటాను. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. అది రెండు మూడేళ్ల కింద ఆగిపోయి ఉంటే పెద్ద ఖర్చు పెట్టకండి.

అపోహ: చార్జింగ్ ఎక్కట్లేదంటే బోర్డు పోయినట్టే.

వాస్తవం: ముందు కేబుల్, అడాప్టర్ మార్చి అరగంట వదిలేయండి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ వెంటనే లేవదు. తర్వాత చార్జింగ్ పిన్‌లో దుమ్ము చూడాలి, బ్యాగులో తిరిగే ట్యాబ్‌లలో దూది ఉండలే వస్తాయి. పిన్నే పోయినా, చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో అది చిన్న విడి బోర్డు మీద ఉంటుంది, తక్కువలో అయిపోతుంది.

అపోహ: నీళ్లలో పడితే బియ్యం డబ్బాలో పెట్టాలి.

వాస్తవం: బియ్యం లోపలి తడిని లాగదు, పైగా నూక పిన్‌లో ఇరుక్కుంటుంది. ఐఫోన్లు తడిస్తే బియ్యంలో పెట్టొద్దని ఆపిలే చెబుతోంది. తడి బోర్డు మీద కరెంటు పారితే వచ్చే తుప్పుతోనే అసలు నష్టం. స్విచాఫ్ చేసి, చార్జింగ్ పెట్టకుండా వెంటనే తెస్తే, బ్యాటరీ విడదీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడుగుతాం. మూడు రోజులు బియ్యంలో ఉంచి తెచ్చినవాటికి నేను గ్యారంటీ ఇవ్వను.

అపోహ: బ్యాటరీ ఉబ్బితే ట్యాబ్ పారేయాలి.

వాస్తవం: వాడకం మాత్రం వెంటనే ఆపాలి. నొక్కకూడదు, పొడవకూడదు, మంటలొస్తాయి. కానీ మిగతాదంతా బాగుంటే బ్యాటరీ మార్చడమంత గిట్టుబాటు రిపేరు ఇంకోటి లేదు.

అపోహ: ర్యామ్ పెంచితే ఫాస్ట్ అవుతుంది.

వాస్తవం: అది బోర్డుకే అతికి ఉంటుంది, పెంచలేం. 2 జీబీ ర్యామ్ ట్యాబ్‌కి ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

అపోహ: ట్యాబ్ పోయినా మెమరీ చిప్ తీసి ఫొటోలు ఇచ్చేస్తారు.

వాస్తవం: ఈ కాలపు ట్యాబ్‌లలో డేటా తాళం వేసి ఉంటుంది. చిప్ ఊడదీస్తే ఇంకెక్కడా తెరుచుకోదు. అదే బోర్డు బతికుండాలి, మీరు పాస్‌వర్డ్ కొట్టాలి. మొన్న ఒక పెద్దావిడ టచ్ పోయిన ఆండ్రాయిడ్ ట్యాబ్ తెచ్చారు. డిస్‌ప్లే వెలుగుతోంది. "బాబూ, ఇది బాగవకపోయినా పర్లేదు, అందులో మనవరాలి వీడియోలు కావాలి" అన్నారు. ట్యాబ్‌కి మౌస్ లాంటివి తగిలించుకునే ఓటీజీ కేబుల్ పెట్టి, కంప్యూటర్ మౌస్ తగిలించి ఆవిడ చేతికే ఇచ్చాను. బాణం గుర్తుతో ప్యాటర్న్ గీశారు, తెరుచుకుంది. వీడియోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాక, టచ్ వేయనా అని అడిగితే, అక్కర్లేదని మౌస్ ధర అడిగారు.