ఎముకల్లో దాక్కునే రెండో విషం

విషం ఎముకల్లో చేరితే ఏమవుతుందో నల్గొండ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు వంకర తిరిగిన కాళ్లు, వంగిపోయిన నడుములు చూస్తూ పెరిగినవాళ్లం. 1970లలో నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టింది. దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరొచ్చింది, ఆ పేరు దేశాలు తిరిగింది గానీ, ఇంటింటికీ నల్లా నీళ్లు రావడానికి మిషన్ భగీరథ దాకా, అంటే ఇంకో నలభై ఏళ్లు, ఆగాల్సి వచ్చింది.

సీసం కూడా ఎముకల్లోనే దాక్కుంటుంది. ఒళ్లు దాన్ని క్యాల్షియం అనుకుని దాచుకుంటుంది, అలా ఏళ్లకేళ్లు ఉండిపోతుంది, ఆడమనిషి కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ కోసం ఎముకల్లోంచి క్యాల్షియం కరిగితే దాంతోపాటు సీసం కూడా రక్తంలోకి దిగి బిడ్డను చేరుతుంది. ఫ్లోరైడ్ బాధ కంటికి కనిపిస్తుంది. సీసం అలా కనిపించదు, పిల్లల తెలివిని కొద్దికొద్దిగా తినేస్తుంది, బడిలో 'మొద్దు' అన్న పేరొస్తుంది, అసలు సంగతి రక్తం తీసి చూస్తే తప్ప తెలియదు.

దీని కథ ఎక్కువగా పెట్రోలుతో ముడిపడింది. 1920లలో అమెరికాలో ఇంజిన్ కొట్టుకోకుండా ఉండాలని పెట్రోల్లో సీసం కలపడం మొదలుపెట్టారు. మన దేశంలో అది పూర్తిగా పోయింది 2000లో. అంతకుముందు జార్జ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ హైదరాబాద్ సహా కొన్ని నగరాల్లో రక్తపరీక్షలు చేయిస్తే, పన్నెండేళ్లలోపు పిల్లల్లో సగం మందికి పైగా డెసీలీటరు (లీటరులో పదో వంతు) రక్తంలో సీసం అప్పటి హద్దు 10 మైక్రోగ్రాములు దాటి ఉంది. 1960లలో డెసీలీటరు రక్తానికి 60 దాకా ఫర్వాలేదన్న అమెరికా, 2021 నుంచి 3.5 దాటినా చాలు జాగ్రత్తపడాలంటోంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న రూలు మనకు 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు నా భయమంతా పాత బ్యాటరీల గురించే. డీలర్లు వాటిని వెనక్కి తీసుకోవాలని 2001లోనే రూల్స్ వచ్చాయి, అయినా ఈ మధ్య మిర్యాలగూడ రోడ్డు మీద ఒక చిన్న షాపులో బ్యాటరీ పగలగొట్టి సీసం ప్లేట్లు తీస్తున్న కుర్రాణ్ని చూశాను, చేతులకు బూడిదరంగు పొడి, అదే చేత్తో టిఫిన్ డబ్బా మూత తీశాడు. "తమ్మీ, ఈ చొక్కా ఇంటికి వేసుకపోతవా?" అని అడిగితే "అవునన్నా, మా ఆమె పిల్లల బట్టలతోనే కలిపి ఉతుకుతది" అన్నాడు.

మందు ఉంది, కానీ డెసీలీటరు రక్తంలో 45 మైక్రోగ్రాములు దాటితేనే చాలావరకు సీసాన్ని బయటికి లాగే మందులు ఇస్తారు, అప్పటికే మెదడుకు జరిగిన నష్టం పూడదు. అంతకంటే తక్కువుంటే సీసం ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి ఆపడం, ఐరన్, క్యాల్షియం ఉన్న తిండి పెట్టడం, అదే వైద్యం. ఆ వెతకడం డాక్టరు ఒక్కడి పని కాదు. బంగ్లాదేశ్‌లో పసుపుకి రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం పొడి కలుపుతున్నారని తేలినప్పుడు పరిశోధకులు, ఆహార అధికారులు, టీవీవాళ్లు కలిసి మార్కెట్ల మీద పడ్డారు, 2019లో 47 శాతం నమూనాల్లో ఉన్న కల్తీ 2021కి సున్నాకు వచ్చింది.

మన దగ్గర కాలుష్య నియంత్రణ మండలి షాపులు చూస్తుంది, కార్మిక శాఖ పనివాళ్లను, అంగన్‌వాడీ పిల్లలను. ముగ్గురూ ఒకే రోజు ఒకే వీధికి రావాలి, షాపు ముందు మట్టి, ఆ ఇంటి పిల్లల రక్తం కలిపి పరీక్షకు పంపాలి.