మీటరుకు దొరకని లీకు

కరెంటు సిగ్నల్‌ను తెర మీద అలగా చూపే ఓసిలోస్కోపు ఒకటి, ఓ కాలేజీ ల్యాబు తుక్కు కింద అమ్మేసిన పాతది, నల్గొండలో మా రిపేరు బల్ల మీదికి వచ్చింది. స్విచ్ వేస్తే బాగానే వెలిగింది. ఇరవై నిమిషాలయ్యాక, తెర మీద నాలుగు గళ్ల ఎత్తున్న అల మెల్లగా ఐదు గళ్లకు సాగింది. వెలుగు తగ్గి, గీత అలుక్కుపోయింది.

అల సాగడమే అసలు ఆచూకీ. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్లను వేల వోల్టులు ముందుకు తోస్తాయి, దారిలోని పలకలు వాటిని వంచుతాయి. తోపు తగ్గితే ఎలక్ట్రాన్లు నిదానిస్తాయి, పలకల మధ్య ఎక్కువసేపు ఉండి ఎక్కువ వంగుతాయి. నాలుగు ఐదయిందంటే 2,000 వోల్టులు 1,600కు పడిపోయినట్టు. అడ్డంగానూ అంతే సాగింది కాబట్టి, నిలువుకూ అడ్డానికీ విడివిడిగా ఉండే యాంప్లిఫయర్ల మీద అనుమానం తొలగింది. ఇదింకా నయం. టెక్‌ట్రానిక్స్ 465 అనే స్కోపులో, ఎలక్ట్రాన్లను లాగే ట్యూబు యానోడ్ దగ్గర సుమారు 15,000 వోల్టులుంటాయి, మన వీధి స్తంభాల మీది 11 కేవీ లైను కన్నా ఎక్కువ!

పని నేర్చుకుంటున్న పిల్లవాడు ఆ వేల వోల్టులు పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్‌కు మల్టీమీటరు పెట్టి, "మంచిగనే ఉంది గదన్నా" అన్నాడు. మీటరులో ఉన్నది 9 వోల్టుల బ్యాటరీ. గాలి కొట్టకుండా సైకిల్ ట్యూబులో పంక్చర్ వెతికితే దొరుకుతుందా?

ప్లగ్ పీకినా తొందరపడకూడదు. చార్జ్ దాచుకునే కెపాసిటర్‌ను స్క్రూడ్రైవర్‌తో టప్పుమనిపించడం చాలామందికి అలవాటు, నాకు నచ్చదు. పెద్ద రెసిస్టర్ గుండా ఖాళీ చేసి, కాసేపాగి మళ్లీ చేయాలి. లోపలి ఇన్సులేషన్ పొరలో దాగిన చార్జ్ కొంత మళ్లీ పైకి తేలుతుంది.

తప్పు ట్యూబుదేమో చూద్దామని దాని బేస్ ఊడదీసి, ఆ లోడ్ లేకుండా మళ్లీ నడిపించాం. హైవోల్టేజీ ప్రోబులో రీడింగ్ అలాగే దిగజారింది. అంతా ఆపి, చార్జ్ తీసేశాక ట్రాన్స్‌ఫార్మర్‌ను ముట్టుకుంటే లోడ్ లేకపోయినా కాలుతోంది. ఏళ్ల తరబడి చుట్ల మధ్య ఇన్సులేషన్ చెమ్మ పీల్చింది. లీకుతో వేడి, వేడితో మరింత లీకు. ఓవెన్‌లో ఆరబెడితే కొన్నాళ్లు నడుస్తుందిగానీ చెమ్మ మళ్లీ చేరుతుంది.

బోరు మోటార్ల వైండింగ్ చేసే ఆయనకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని, "తీగ వెంట్రుక లెక్కున్నది, నాతోని కాదు" అని తిరిగిచ్చేశాడు. చివరికి అదే మోడల్ చచ్చిన స్కోపు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ పీకి బిగించాం. గంట దాటినా అల నాలుగు గళ్ల దగ్గరే ఉంది.