తూకానికి వేయకండి: పాత కారు నట్టు బోల్టులపై అపోహలు, వాస్తవాలు

పాత అంబాసిడర్‌నో పద్మినినో మళ్లీ రోడ్డెక్కించాలని నెల్లూరులోని మా షెడ్డుకు వచ్చేవారిలో చాలామంది ముందుగా అనే మాట ఒకటే: "తుప్పు పట్టిన బోల్టులన్నీ పారేసి కొత్తవి బిగించేయండి." వారి ఉద్దేశం మంచిదే. వారికి ఆ సలహా ఇచ్చినవారి మీదే నా కోపం.

అపోహ: పాత బోల్టు తుక్కు. సైజు కలిస్తే కొత్తది ఏదైనా మేలే.

వాస్తవం: ఆ "సైజు కలిస్తే" దగ్గరే కొంప మునుగుతోంది. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టిన బండి. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బోల్టులు అంగుళాల లెక్కవి, ఎక్కువగా యూఎన్ఎఫ్ మరలు, అంటే అంగుళాల లెక్కలో సన్న మరలు. ఫియట్ వంశపు పద్మినికి మిల్లీమీటర్లు. 1990లలో ఇసుజు ఇంజన్‌తో వచ్చిన అంబాసిడర్లకు ఇంజన్ వరకు మళ్లీ మిల్లీమీటర్లే.

ఇప్పుడు కొట్లో అడిగితే 8 ఎంఎం బోల్టు ఇస్తారు. 5/16 అంగుళం అంటే 7.94 ఎంఎం, చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. 5/16 బోల్టు తల అర అంగుళం, అంటే 12.7 ఎంఎం. 8 ఎంఎం బోల్టు తల 13. పదమూడో నంబరు స్పానర్ రెండింటికీ పడుతుంది కాబట్టి రెండూ ఒకటేనని నమ్మేస్తారు. మర మాత్రం వేరు: 5/16 యూఎన్ఎఫ్‌లో అంగుళానికి 24 చుట్లు, మామూలు 8 ఎంఎంలో దాదాపు 20. మొదటి చుట్టు వేళ్లతోనే ఎక్కుతుంది, తర్వాత పట్టేస్తుంది. కొత్తది కదా, బిగువుగానే ఉంటుందిలే అని బలంగా లాగుతారు. అప్పుడు పోయేది చవక బోల్టు కాదు, ఇంజన్ బ్లాకులోని మర.

కావలి వైపు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తండ్రిగారి అంబాసిడర్‌ను లారీ మీద తెచ్చారు. అంతకుముందు పనిచేసినవారు బోల్టులన్నీ గోనెసంచిలో పోసి తూకానికి వేసేశారు. వాటర్ పంపు దగ్గర మరలు పోయాయి. బ్లాకే మార్చాలని ఎవరో బెదిరించారట. "నాయనా, నాన్న బండిని నా చేతులతో నేనే పాడుచేసుకున్నానా?" అని అడిగారు. మర పోయిన రంధ్రంలో తీగతో చేసిన కొత్త మర చుట్ట దించవచ్చని చెప్పి, దించి చూపించాకే ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఖర్చంతా ఆ బోల్టుల కోసం విప్పేసిన బండ్లు వెతకడానికే అయింది.

తల మీద గుర్తు కూడా చూడండి. మిల్లీమీటర్ల బోల్టు మీద 8.8 అని ఉంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు తట్టుకునే ఉక్కు. గుర్తే లేని కొట్టు సరుకు అందులో సగం తట్టుకుంటే గొప్ప. అంగుళాల బోల్టు తల మీద మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరు ఉంటే అంతకంటే గట్టి గ్రేడ్ 8. అలాంటి దాన్ని పైతుప్పు చూసి పారేయడం నా కళ్లెదుట జరిగితే ఊరుకోను.

కిరోసిన్‌లో నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో రుద్దండి. నట్టు చివరిదాకా వేళ్లతో తిరిగితే ఆ బోల్టు పనికొస్తుంది. నడుమ పట్టేస్తే మర సాగింది, లేదా దెబ్బతింది, పక్కన పెట్టండి. మర కోసే డై పెట్టి మర తిరగకోస్తే ఉన్న లోహమూ పోతుంది. విప్పిన బోల్టు ఏ రంధ్రానిదో అట్టముక్క మీద రాసి గుచ్చండి.

అపోహ: స్టెయిన్‌లెస్ అయితే తుప్పూ లేదు, బలమూ ఎక్కువ.

వాస్తవం: మామూలుగా దొరికే ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ బోల్టు 8.8 గుర్తున్న ఉక్కు బోల్టు కంటే ముందే సాగుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి చోట్ల అల్యూమినియంలో బిగిస్తే అల్యూమినియాన్ని తినేస్తుంది. నంబరు ప్లేటుకు వేసుకోండి, చాలు.

అపోహ: యాసిడ్‌లో ముంచి పూత వేయిస్తే కొత్తదే.

వాస్తవం: గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసుబారుతుంది. గ్రేడ్ 8 బోల్టులను, మిల్లీమీటర్లలో 8.8 కంటే గట్టివైన 10.9 బోల్టులను ఆ తొట్టికి దూరంగా ఉంచండి.

అపోహ: ఒక్క బోల్టు మార్చినా వింటేజ్ రిజిస్ట్రేషన్ రాదు.

వాస్తవం: ఈ పుకారుకు భయపడి ప్రాణాల మీదికి తెచ్చుకోకండి. 50 ఏళ్లు దాటిన బండ్ల కోసం 2021లో వచ్చిన నిబంధన అడిగేది ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ అసలు రూపంలో ఉండాలని. స్టీరింగ్‌లో, బ్రేకుల్లో తుప్పు తిని సన్నబడిన బోల్టు, సాగిన కనెక్టింగ్ రాడ్ బోల్టు ఎంత అసలువైనా తీసేయాల్సిందే. వాటి స్థానంలో అదే మర, అదే గ్రేడ్ ఉన్నవి వేయించండి. స్ప్లిట్ పిన్నులు, నైలాన్ లాక్ నట్లు, రాగి వాషర్లు విప్పిన ప్రతిసారీ కొత్తవే.