మలివయసులో సామాను తగ్గించుకోవడం: విశ్వాసుల్లో అపోహలు - వాస్తవాలు

మా సంఘంలో పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి సామాను సర్దుకోవడంలో తోడుండడం నా పరిచర్య. బీరువా తలుపు తెరిచేసరికి వినిపించే మాటలు దాదాపు ప్రతి ఇంట్లోనూ అవే. సగం మాటలు బైబిల్లోవే అనిపిస్తాయి గానీ, కావు.

అపోహ: ఇప్పుడే అన్నీ సర్దుకోవడమంటే చావును పిలవడమే.

వాస్తవం: జబ్బుతో చావుకు దగ్గరై, "నీ యిల్లు చక్కబెట్టుకొనుము" అని యెషయా ప్రవక్త చేత చెప్పించుకున్న యూదా రాజు హిజ్కియా ఆ తర్వాత ఇంకో 15 ఏళ్లు బతికాడు. ఇల్లు సర్దినందుకు కాదు, ప్రార్థన విని దేవుడు ఆయుష్షు పెంచాడు. సర్దుకుంటే పోతామన్న భయానికి మాత్రం ఆధారం లేదు. పైగా మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య ఉన్న అట్టపెట్టెలు, జారే పట్టాలు తీసేస్తే రాత్రిపూట పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. ఆ దారితోనే మొదలుపెట్టండి. తర్వాత గడువు దాటిన మందులు. ఫోటోల జోలికి చివర్లో వెళ్లండి. ముందే ఆల్బమ్ తెరిచారంటే ఆ రోజుకి పని సాగదు.

అపోహ: నిజమైన విశ్వాసికి వస్తువుల మీద మమకారం ఉండకూడదు.

వాస్తవం: ఈ మాట ఎక్కువగా పిల్లలే అంటారు, అదీ అమ్మ గదిలో నిలబడి. లోకంలోకి ఏమీ తేలేదు, ఏమీ తీసుకుపోలేం అన్న 1 తిమోతి 6:7 ఎత్తుతారు. అదే తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు, చివరి రోజుల్లో చెరలో ఉండి, త్రోయ పట్టణంలో కర్పు అనే అతని దగ్గర వదిలిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మన్నాడు. యొర్దాను నది దాటిన ఇశ్రాయేలీయులను అందులోంచి 12 రాళ్లు తెచ్చుకోమన్నది కూడా దేవుడే. ఈ రాళ్లెందుకని పిల్లలు అడిగితే నది దాటిన సంగతి చెప్పడానికి.

అందుకే నేను "ఇది అవసరమా?" అని అడగను, "దీని సంగతేంటి?" అంటాను. ఒక అమ్మగారు చనిపోయిన భర్త కళ్లజోళ్లన్నీ డబ్బాలో దాచారు. బల్ల మీద పరిచాం. ఒకదాని కాడకు నల్లదారం చుట్టి ఉంది. ఆదివారం వాక్యం చదవబోయే ముందు విరిగితే ఆయనే చుట్టుకున్నారట. అది చెబుతూ చెబుతూ మిగతావన్నీ ఆవిడే పక్కకు నెట్టేశారు. ఆ సంగతి చీటీ మీద రాసి కళ్లజోడుతో పాటు పెట్టాం.

మమకారం హద్దు దాటడమూ ఉంది. మోషే చేసిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేయడం మొదలుపెడితే, పైన చెప్పిన హిజ్కియానే దాన్ని ముక్కలు చేయించాడు. ఎవర్నీ అడుగుపెట్టనివ్వని గది ఇంట్లో ఉంటే కాస్త ఆలోచించుకోవాలి.

అపోహ: పాత బైబిలు వదిలించుకోవడం పాపం.

వాస్తవం: ఆశీర్వదించిన వస్తువులను చెత్తలో వేయకుండా కాల్చడమో పూడ్చడమో కాథలిక్కుల ఆనవాయితీ. ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలావాటికి ప్రత్యేక నియమమేదీ లేదు, గౌరవంగా చేస్తే చాలు. ముందు మాత్రం మొదటి, చివరి పేజీలు చూడండి. పెళ్లి తేదీలు, బాప్తిస్మం తేదీలు అక్కడే రాసి ఉంటాయి.

అపోహ: మనకు పనికిరానివి చర్చికిస్తే దానమే.

వాస్తవం: గుడ్డి, కుంటి పశువులను బలికి తెచ్చినవాళ్లతో మలాకీ ప్రవక్త ఏమన్నాడు? వాటిని మీ అధికారికి ఇచ్చి చూడండి, తీసుకుంటాడా అని. చిరిగిన దుప్పట్ల సంగతీ అంతే.

అపోహ: నేను పోయాక పిల్లలు చూసుకుంటారులే.

వాస్తవం: ధాన్యపు కొట్లు పడగొట్టి పెద్దవి కట్టుకోవాలనుకున్న ధనవంతుడి ఉపమానం యేసు ఎందుకు చెప్పాడు? ఆస్తి పంచమని నా సహోదరుడికి చెప్పు, అంటూ ఒకడు వచ్చినందుకు (లూకా 12). స్థలాల కోసమే కాదు, గోడ గడియారం కోసం కూడా మాటలు మానుకున్న తోబుట్టువులు ఉన్నారు. ఏది ఎవరికి కావాలో అడగండి. వీలైతే మీ చేత్తోనే ఇవ్వండి. వద్దంటే నొచ్చుకోకండి. విలువైనవాటికి చీటీలు సరిపోవు, వీలునామా రాయించాలి.

అపోహ: వదల్లేకపోవడం విశ్వాసం చాలకే.

వాస్తవం: కొందరికి అది జబ్బు. వస్తువులు విపరీతంగా పోగేయడాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే మానసిక రుగ్మతల పుస్తకం) విడిగా ఒక మానసిక రుగ్మతగా చేర్చింది. పడుకోవడానికీ వండుకోవడానికీ చోటు లేనంతగా ఇల్లు నిండితే ప్రార్థనతో పాటు మానసిక వైద్యుడూ కావాలి. వాళ్లు లేనప్పుడు చాటుగా ఖాళీ చేయించకండి. మీ మీద నమ్మకం పోతుంది, గది మళ్లీ నిండుతుంది.