గుర్తుపెట్టుకునే భారం ఎవరిది?

నాలుగు బర్నర్ల పొయ్యి ముందు నిలబడి, ఏ నాబ్ ఏ బర్నర్‌దో అని ఒక్కసారైనా తడుముకోని వాళ్లు అరుదు. బర్నర్లేమో నాలుగు మూలలా ఉంటాయి, నాబ్‌లేమో ఒకే వరసలో. ఈ చిక్కును 1959లోనే అమెరికన్ పరిశోధకులు చాపానిస్, లిండెన్‌బామ్ పరీక్షించి చూశారు. నాలుగు రకాల అమరికలు తీసుకుని మనుషుల చేత వాడించారు. బర్నర్లను కాస్త పక్కకు జరిపి, ప్రతిదీ తన నాబ్‌కు సూటిగా వచ్చేలా పెట్టిన అమరికలో 1,200 ప్రయత్నాలకు ఒక్క తప్పూ జరగలేదు. మిగతా మూడింటిలో పదుల కొద్దీ జరిగాయి. లోపం మనిషి బుర్రలో లేదు, పొయ్యిలో ఉంది.

అయినా చాలా పొయ్యిలు ఇంకా పాత పద్ధతిలోనే వస్తున్నాయి. మామూలుగా అది చిన్న చిరాకు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవారికి, తలకు దెబ్బ తగిలి ఏకాగ్రత తగ్గినవారికి, పుట్టుకతో మేధోపరమైన ఇబ్బంది ఉన్నవారికి మాత్రం అదే పొయ్యి వంటింటి తలుపు మూసేస్తుంది.

ఇలాంటివారిని దృష్టిలో పెట్టుకుని వస్తువులు తయారుచేయడానికి ఇంత కాలం ఎందుకు పట్టింది? వికలాంగులకు వీలుగా భవనాలు ఎలా కట్టాలో చెప్పే ప్రమాణం అమెరికాలో 1961లో వచ్చింది. బ్రిటన్‌లో సెల్విన్ గోల్డ్‌స్మిత్ ఇదే విషయం మీద 1963లో ఆర్కిటెక్టుల కోసం పుస్తకం రాశాడు. ర్యాంపు వాలునూ, తలుపు వెడల్పునూ టేపు పెట్టి కొలవొచ్చు. మతిమరుపును అలా కొలవలేం. అయితే అసలు కారణం అది కాదని నా అభిప్రాయం. అప్పట్లో మేధోపరమైన వైకల్యం ఉన్న ఎంతోమందిని పెద్ద పెద్ద ఆశ్రమాల్లో ఉంచేవారు. వాళ్లు పొయ్యి వెలిగించేదీ లేదు, తాళం వేసేదీ లేదు. కొనుగోలుదారుల లెక్కలోకే రాని వాళ్ల కోసం ఎవరు ఆలోచిస్తారు? అందరిలాగే వాళ్లకీ మామూలు రోజువారీ జీవితం ఉండాలని స్వీడన్‌కు చెందిన బెంగ్ట్ నీర్యె 1969లో వాదించాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో చాలా దేశాల్లో వాళ్లు మామూలు ఇళ్లలోకి రావడం మొదలైంది. గడియారం, టెలిఫోన్, వాషింగ్ మెషీన్ అప్పుడే సమస్యలయ్యాయి.

మందుల ప్యాకింగ్‌లో మాత్రం మార్పు ముందే మొదలైంది. రోజూ మాత్ర వేసుకున్నానా లేదా అని భార్య పడే టెన్షన్ చూసి, డేవిడ్ వాగ్నర్ అనే అమెరికన్ ఇంజినీర్ 1962లో గర్భనిరోధక మాత్రలకు గుండ్రటి డబ్బా తయారుచేశాడు. ఈరోజు మాత్ర ఖాళీ అయిందో లేదో డబ్బాయే చెబుతుంది. దశాబ్దాల తర్వాత, అమ్మమ్మ పొరపాటున తాతయ్య మందు వేసుకోవడంతో డెబొరా ఆడ్లర్ అనే డిజైన్ విద్యార్థిని మందుసీసానే మార్చేసింది. మూత కిందకి, మందు పేరు పైకి వచ్చింది. చదవడానికి వీలుగా పక్క చదునైంది, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో రంగు రింగు వచ్చింది. అమెరికన్ దుకాణాల సంస్థ టార్గెట్ 2005లో ఆ సీసాను వాడకంలోకి తెచ్చింది. పదేళ్లకు ఫార్మసీ వ్యాపారం చేతులు మారడంతో సీసా కూడా పోయింది. అంత మంచి వస్తువు అలా కనుమరుగు కావడం నిజంగా బాధాకరం.

అమెరికన్ ఆర్కిటెక్ట్ రొనాల్డ్ మేస్ 1985లో 'యూనివర్సల్ డిజైన్' (వీలైనంత వరకు అందరూ వాడుకోగలిగేలా తయారుచేయడం) అనే మాట తెచ్చాడు. ఆయనా, సహచరులూ 1997లో ప్రకటించిన ఏడు సూత్రాల్లో రెండు నేరుగా ఈ విషయానివే: చూడగానే అర్థం కావాలి, పొరపాటు జరిగినా ప్రమాదం రాకూడదు.

డిమెన్షియా విషయంలో ఇంకో మెలిక ఉంది. బోస్టన్ పరిశోధకులు 2004లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, అల్జీమర్స్ ముదిరిన రోగులకు తెల్ల పళ్లేల బదులు ముదురు ఎరుపు పళ్లేలు ఇస్తే తిండి 25 శాతం పెరిగింది. ఆకలి లేదనుకున్న కొందరికి నిజానికి పళ్లెంలో తిండి సరిగా ఆనడం లేదన్నమాట. ఇలాంటివి వెంటనే పనిచేస్తాయి, ఎందుకంటే కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. నేర్చుకోవాల్సిన వస్తువైతే కథ వేరు. చేతికి అలవాటైన పాత పనులు చాలాకాలం మిగులుతాయి, కొత్తవి మాత్రం మనసులో నిలవవు. అందుకే 'సులువైన' కొత్త రిమోట్ కంటే బటన్లు అరిగిన పాత రిమోటే వాళ్లకు మేలు కావచ్చు. తిప్పే నాబ్ ఎక్కడ ఆగిందో చూస్తే మెషీన్ ఏం చేస్తోందో తెలిసేది. నున్నటి టచ్ ప్యానెల్ ఆ ఆనవాలు తీసేసింది. అప్‌డేట్ వచ్చి మెనూ చోటు మారితే ఉన్న కాస్త అలవాటూ పోతుంది.

ఇక నియమాల సంగతి చూస్తే, వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2006లో వచ్చింది. వెబ్‌సైట్లకైతే, అవి వికలాంగులకూ అందుబాటులో ఎలా ఉండాలో చెప్పే, 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం స్పష్టంగానే మాట్లాడుతోంది: లాగిన్ కావడానికి పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవడమో, పజిల్ విప్పడమో ఒక్కటే దారి కాకూడదు. వస్తువులకూ 2020లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ నుంచి 21801-1 అనే ప్రమాణం వచ్చింది, కానీ అది మార్గదర్శకమే. పాటించాలా వద్దా, పరీక్షించేటప్పుడు మతిమరుపు ఉన్నవారిని పిలవాలా వద్దా అన్నది చాలావరకు ఇంకా తయారీదారుల ఇష్టమే.