పక్షుల పుస్తకం ఎక్కడ దాచానంటే

పిల్లలూ,

గ్రంథాలయంలో ఎలా మెలగాలో నేర్పే బొమ్మల పుస్తకం మీ చేతికి వచ్చిందని విన్నాను. అలాంటి పుస్తకాల్లో ఒక బొమ్మ సాధారణంగా ఉంటుంది: కళ్లద్దాల పెద్దావిడ, పెదవుల మీద చూపుడువేలు. నాకు ఆ బొమ్మంటే కొంచెం చిరాకు. గోల చేయకూడదన్న మాట నిజమే, పక్కన చదువుకునేవారికి ఇబ్బంది. కానీ ఎంత గోలైనా మీరు బయటికి వెళ్లగానే ఆగిపోతుంది. అంతకన్నా పెద్ద తంటా చప్పుడు లేకుండా జరుగుతుంది. అది స్వయంగా చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మీ ఈడులో ఉన్నప్పుడు నాకు ఒక పక్షుల పుస్తకం తెగ నచ్చింది. మర్నాటికి ఎవరైనా పట్టుకుపోతారేమోనని దాన్ని లెక్కల పుస్తకాల వెనక దూర్చేశాను. ఇంతలో జ్వరం వచ్చింది. పది రోజుల తర్వాత వెళ్తే ఏ అరలో పెట్టానో నాకే గుర్తు రాలేదు!

పుస్తకం వెన్ను మీద, అడుగున, అంకెలు రాసిన చిన్న చీటీ ఉంటుంది, చూశారా? మెల్విల్ డ్యూయీ అనే ఆయన 1876లో ప్రచురించిన పద్ధతి ప్రకారం చాలా గ్రంథాలయాల్లో ఇప్పటికీ ఆ అంకెలు వేస్తారు. అందులో 510 అంటే లెక్కలు, 520 అంటే నక్షత్రాలు, 598 అంటే పక్షులు. పక్షుల కోసం వచ్చినవారు 598 దగ్గరే వెతుకుతారు. 510 వెనక తొంగిచూడాలని ఎవరికి తోస్తుంది? అరలో చోటు తప్పిన పుస్తకం ఉండీ లేనట్టే. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు రాసిపెట్టారు. వాటిలో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చేయమని. నేను ఎంతమంది సమయం తిన్నానో!

అందుకని, ఎక్కడి నుంచి తీశారో గుర్తులేకపోతే ఉజ్జాయింపుగా పెట్టేయకండి. అక్కడ పనిచేసేవారి చేతికి ఇవ్వండి, లేదా బల్ల మీదే ఉంచండి. అది బద్ధకం అనుకోకండి, చాలా చోట్ల వాళ్లు కోరేది అదే.

తీయడంలోనూ ఒక కిటుకు ఉంది. చాలామంది వెన్ను పై అంచుకు వేలు తగిలించి లాగుతారు. గట్టి అట్ట పుస్తకాలకు అక్కడ లోపల బోలుగా ఉంటుంది, ముందు చిరిగేది అదే. అటూ ఇటూ ఉన్న రెండు పుస్తకాలను కాస్త లోపలికి నెట్టండి. మధ్యలోది ముందుకు వచ్చినట్టు నిలబడుతుంది. అప్పుడు నడుము దగ్గర పట్టుకుని తీయండి. ఒకవేళ పేజీ చిరిగితే దాచకుండా చెప్పండి, మీరే టేపు అంటించవద్దు. కొన్నాళ్లకు టేపు ఊడిపోయి, జిగురు మరక మాత్రం పసుపుపచ్చగా కాగితానికి ఉండిపోతుంది.

పేజీ మూలలు మడవడం, పెన్నుతో గీతలు గీయడం వంటివి మీ బొమ్మల పుస్తకంలోనే ఉండి ఉంటాయి, మళ్లీ చెప్పను.

పక్షుల పుస్తకం చాలా నెలలకు, అల్మరా జరిపి ఊడుస్తుంటే బయటపడిందట. నాకు తెలిసి పరుగున వెళ్లేసరికి ఇంకో అబ్బాయి తీసుకువెళ్లిపోయాడు.

మీ
తాతయ్య