తోటపనితో చికిత్స: అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరులో ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, అంటే జబ్బు వల్ల కష్టమైన రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయపడతాను. హార్టికల్చరల్ థెరపీ, అంటే మొక్కల పనిని చికిత్సలో భాగంగా వాడటం, ఇప్పుడు నా ప్రధానమైన పని. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో తెలుగువాళ్లు చాలామంది. వాళ్లు అడిగేవి, నమ్మేవి, నాకు వాట్సాప్‌లో పంపేవి దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

అపోహ: నాలుగు కుండీలు పెట్టుకుంటే అదే థెరపీ.

టెర్రస్ మీద టమాటా, గోంగూర వేసుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది. అందరూ వేసుకోవాలనే నేనూ చెబుతాను. చికిత్స అనాలంటే మాత్రం శిక్షణ పొందిన మనిషి ఉండాలి, ఆ పేషెంటుకంటూ ఒక లక్ష్యం ఉండాలి, అది ఎంతవరకు వచ్చిందో రాసి చూసుకోవాలి.

స్ట్రోక్ వచ్చి కుడిచేతి పట్టు తప్పిన పెద్దాయన ఉన్నారనుకుందాం. మొదట చిక్కుడు గింజలు ఇస్తాను. పెద్దవి కాబట్టి వేళ్లకు దొరుకుతాయి. కొన్నాళ్లకు ముల్లంగి గింజలు, ఆ తర్వాత ఆవాలు. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కో ఆవగింజను నారు ట్రే గుంటలో వేయగలిగితే చొక్కా గుండీ పెట్టుకునే నేర్పు కూడా దగ్గరపడుతున్నట్టే. బల్ల మీద పుల్లలు గుచ్చే వ్యాయామం ఇస్తే కాసేపటికే విసుక్కునే మనిషి నారు దగ్గర ఓపిగ్గా కూర్చుంటారు. నా పుస్తకంలో ఎన్ని మొలిచాయో ఉండదు. ఎన్ని గింజలు జారిపోకుండా వేశారు, ఎంతసేపు నిలబడ్డారు, ఎడమచేతి సాయం ఎన్నిసార్లు తీసుకున్నారు అన్నవే ఉంటాయి.

ఏ విత్తనం ఇవ్వాలన్నది కూడా ఆలోచించి చేసే నిర్ణయమే. మెంతులు రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి. ధనియాలకు వారం పది రోజులు పడుతుంది. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు తమ వల్ల ఏదీ కాదని అప్పటికే నమ్మి ఉంటారు. వాళ్ల చేతికి ముందు ధనియాలిచ్చి, పది రోజులు ఖాళీ కుండీ చూడమనడం నాకు క్రూరంగా అనిపిస్తుంది. అందుకే మెంతులతో మొదలుపెడతాను. కాస్త ఆగడం అలవాటు కావాల్సిన పిల్లాడికైతే ధనియాలే సరి.

అపోహ: ఇంజనీరింగ్ చదివించింది మట్టి పిసకడానికా?

ఈ మాట అడిగే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వచ్చి ఉద్యోగం వదిలేసిన కొడుకు గడ్డి పీకుతుంటే చూడటం కష్టమే. కానీ ఈ పట్టింపు చాలా పాతది. అమెరికా వైద్యుడు బెంజమిన్ రష్ 1812లో మానసిక వ్యాధుల మీద రాసిన పుస్తకంలో దీని ప్రస్తావన ఉంది. ఆస్పత్రిలో కట్టెలు కొట్టి, తోట తవ్విన రోగులు తరచూ కోలుకునేవారని, హోదా వల్ల అలాంటి పనులు తప్పినవాళ్లు అక్కడే మగ్గిపోయేవారని ఆయన గమనించారు. అది పరిశోధన లెక్కలోకి రాదు, ఒక వైద్యుడి పరిశీలన మాత్రమే. అయినా నా అనుభవంలో నేను చూస్తున్నదీ అదే. స్కిజోఫ్రీనియాలో మందులు గొంతులు వినిపించడాన్ని తగ్గిస్తాయి. పొద్దున లేవడం, స్నానం చేయడం, పక్కవాడితో మాట కలపడం లాంటివి వాటంతట అవి తిరిగి రావు. తొమ్మిదింటికి నీళ్లు పట్టాల్సిన నారు ఉంటే లేవడానికి ఒక కారణం దొరుకుతుంది.

తల్లిదండ్రుల భయంలో నిజం కూడా కొంత ఉంది. ఒకప్పటి మానసిక ఆస్పత్రులు చాలా దేశాల్లో రోగుల చేత పొలం పని చేయించుకుని, ఆ కూరగాయలతోనే వంటశాలలు నడుపుకున్నాయి. చికిత్స పేరుతో జరిగిన వెట్టి అది. మన మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017 దీనికి అడ్డుకట్ట వేసింది. మానసిక ఆరోగ్య సంస్థలో ఉన్న వ్యక్తికి ఇష్టం లేని పని బలవంతంగా చెప్పకూడదు, పని చేయిస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. మీవాళ్లను ఏ సెంటర్‌లో చేర్చినా అక్కడ పండింది ఎవరికి పోతోందో అడగండి. సంకోచపడొద్దు.

అపోహ: పల్లె నుంచి వచ్చినవాళ్లకు మొక్కలిస్తే చాలు, సర్దుకుంటారు.

ఊళ్లో పొలం చేసుకున్న తాతగారు కొడుకు ఫ్లాట్‌లో పదో అంతస్తులో డల్‌గా కూర్చుంటే అందరికీ తోచే మందు ఇదే. చాలామందికి పనిచేస్తుంది కూడా. బీరపాదుకు పందిరి ఎలా కట్టాలో మనవడికి చెబుతుంటే ఆయన గొంతే మారిపోతుంది. అయితే బోర్లు ఎండి, అప్పులై, పొలం అమ్ముకుని వచ్చిన రైతుకు వాడిన మొక్క కనబడితే ఏమవుతుందో ఆలోచించండి. అలాంటివారిని మొక్కల దగ్గరికి నేను తొందరపెట్టను. ముందు మాట్లాడతాను, వద్దంటే వేరే పని చూస్తాను.

అపోహ: మట్టిలో డిప్రెషన్ తగ్గించే బ్యాక్టీరియా ఉంది, మాత్రలు మానేయొచ్చు.

ఇలా చెప్పే వీడియో నాకు ఎంతమంది పంపారో! దీనికి మూలం 2007లో వచ్చిన ఒక అధ్యయనం. మట్టిలో ఉండే మైకోబ్యాక్టీరియం వాకే అనే సూక్ష్మజీవిని వేడితో చంపి ఎలుకలకు ఎక్కించారు. వాటి మెదడులో సెరటోనిన్ (మనసు స్థితితో సంబంధమున్న రసాయనం) కణాల మీద ప్రభావం కనిపించింది. కుండీలో చెయ్యి పెట్టిన మనిషికీ అదే జరుగుతుందని అందులో ఎక్కడా తేల్చలేదు. అమెరికా పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధన మనుషుల మీద జరిగిందే. పిత్తాశయం ఆపరేషన్ తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు గోడ మాత్రమే కనిపించినవాళ్ల కంటే త్వరగా ఇంటికెళ్లారు, బలమైన నొప్పి మందులూ తక్కువ వాడారు. కానీ అక్కడ పోల్చింది 46 మందినే. మా రంగంలో చాలా అధ్యయనాలు ఇలా చిన్నవే. ఇది మందులతో పాటు నడవాల్సిన చికిత్స. మాత్రలు ఆపమనే హక్కు మీ సైకియాట్రిస్ట్‌కే ఉంది, మాకు లేదు.

అపోహ: మొక్కలే కదా, ప్రమాదమేముంటుంది?

గన్నేరులో ప్రతి భాగమూ విషమే. కనిపించింది నోట్లో పెట్టుకునే పిల్లలు, డిమెన్షియా (వయసులో వచ్చే తీవ్రమైన మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లు వచ్చే తోటలో దాన్ని ఉంచకూడదు. బెంగళూరు ఖాళీ సైట్లన్నిటా పెరిగే వయ్యారిభామ వల్ల చర్మానికి దురద, కొందరికి ఆయాసం వస్తాయి. బైపోలార్ లాంటి మానసిక జబ్బులకు ఇచ్చే లిథియం వాడేవాళ్లు ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోతే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోర్‌ప్రొమజైన్ వేసుకునేవారి చర్మం ఎండకు తేలిగ్గా కమిలిపోతుంది. కీమోథెరపీలో ఉన్నవాళ్లను డాక్టర్ అనుమతి లేకుండా కంపోస్ట్ ముట్టుకోనివ్వను, అందులో ఫంగస్ ఉంటుంది. షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కినవాళ్లు చెప్పుల్లేకుండా తోటలోకి రాకూడదు. టెటనస్ టీకా సంగతి అందరినీ అడుగుతాను.

అపోహ: వారాంతం కోర్సు చేస్తే థెరపిస్ట్ అయిపోవచ్చు.

అమెరికన్ హార్టికల్చరల్ థెరపీ అసోసియేషన్ 1973 నుంచి ఉంది. అక్కడ రిజిస్టర్డ్ థెరపిస్ట్ కావాలంటే డిగ్రీ, నిర్దేశించిన కోర్సులు, వాటితో పాటు 480 గంటల ఇంటర్న్‌షిప్ ఉండాలి. మన దేశంలో ఈ వృత్తికి విడిగా చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు, అందుకే ఎవరైనా బోర్డు పెట్టేయగలుగుతున్నారు. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు ముందు ఆక్యుపేషనల్ థెరపీ, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ లాంటి ఒక గుర్తింపు ఉన్న చదువు పూర్తి చేయండి, మొక్కల శిక్షణ దాని మీద చేర్చుకోండి. బీఎస్సీ హార్టికల్చర్ చేసినవాళ్లూ రావచ్చు, మొదట్లో ఒక క్లినికల్ టీమ్‌తో కలిసి పనిచేయాలి. చికిత్స కోసం చూస్తున్న కుటుంబాలైతే ఫీజు అడిగేముందు ఆ మనిషి అసలు డిగ్రీ ఏమిటో, మీవాళ్ల కోసం రాసిన ప్లాన్ ఎక్కడుందో అడగండి. ప్లాన్ కాగితం మీద చూపించలేకపోతే అక్కడ డబ్బు కట్టొద్దు.